డెంగీ మీద విద్యార్థుల లఘుచిత్రం: చూసినవాళ్లను ఏం అడగాలి, ఎలా అడగాలి? (విశాఖ)

#1 · ఎంవీపీ_ఎడిటర్

అందరికీ నమస్తే. మేం ఆరుగురు విద్యార్థులం కలిసి డెంగీ మీద 9 నిమిషాల లఘుచిత్రం తీశాం. ఎడిటింగ్ దాదాపు అయిపోయింది, సౌండ్ మిక్సింగ్ ఇంకా లాక్ చెయ్యలేదు. జూన్ మొదటి రెండు వారాల్లో మూడు చోట్ల వేస్తున్నాం: జాలారిపేటలో వీధిలో తెర కట్టి, ఆరిలోవలో ఒక కమ్యూనిటీ హాల్లో, మా కాలేజీ సెమినార్ హాల్లో. ఒక్కోచోట 60 నుంచి 90 మంది వస్తారని అనుకుంటున్నాం. చూసినవాళ్ల అభిప్రాయం తీసుకోవడానికి గూగుల్ ఫామ్‌లో 22 ప్రశ్నలు రాశాం. వాటిలో కొన్ని:

- సినిమా మీకు నచ్చిందా? (1 నుంచి 5)
- కథ, నటన, సంగీతం బాగున్నాయా? (1 నుంచి 5)
- డెంగీ దోమ వల్ల వస్తుందని మీకు తెలుసా?
- ఈ సినిమా వల్ల మీ అవగాహన పెరిగిందా?
- ఇకమీదట నీళ్లు నిల్వ లేకుండా చూసుకుంటారా?
- మీ సూచనలు

తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి.

#2 · సీతమ్మధార_సర్వే

తమ్ముడూ, మొహమాటం వద్దన్నావు కాబట్టి నేరుగా చెప్తున్నా. పైన రాసిన ఆరూ తీసెయ్యాలి.

మన ఊళ్లో పిల్లలు కష్టపడి సినిమా తీసి, ఎదురుగా నిలబడి "నచ్చిందా" అంటే ఎవరైనా "చాలా బాగుందమ్మా" అనే అంటారు. అది మర్యాద. దాన్ని కొలతగా తీసుకుంటే మీకు 4.7 సగటు వస్తుంది. దాంతో ఏ షాట్ మారుస్తారు? ఏదీ మార్చలేరు.

రెండోదాంట్లో మూడు ప్రశ్నలు ఒకదాంట్లో కూరారు. నటన బాగుంది, సంగీతం మాటల్ని మింగేసింది అనుకున్నవాడు ఎంత వెయ్యాలి? మూడోది వాళ్లకి తెలుసో లేదో అడుగుతున్నట్టే ఉంది కానీ జవాబు అందులోనే ఉంది. "అవగాహన పెరిగిందా", "చూసుకుంటారా" రెండింటికీ అవునని తప్ప ఎవరూ అనరు.

ముందు ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఎడమ పక్క ప్రశ్న. కుడి పక్క "ఈ జవాబు ఎక్కువ వస్తే మేం ఏం మారుస్తాం". కుడి గడి ఖాళీగా ఉన్న ప్రశ్న కొట్టెయ్యండి. 22లో 10 మిగిలితే అదృష్టం. 10 దాటితే వీధి ప్రదర్శనలో ఎవరూ కూర్చోరు. తెర ఆగిన నిమిషంలోనే కుర్చీలు కదులుతాయి, మీ చేతిలో ఉన్నది మూడు నాలుగు నిమిషాలే.

#3 · ఆరిలోవ_నర్సు

ప్రశ్నల సంగతి తర్వాత చూద్దాం. సినిమాలో మీరు చెప్పిన ముక్కలు ఏమేమిటో ఒక్కొక్కటీ ఒక్కో వాక్యంలో రాయండి బాబూ. అది తెలియకుండా ఏం అడగాలో ఎవరూ చెప్పలేరు.

ఇంకో మాట. "నిల్వ నీరు" అన్న మాట తీసెయ్యండి. మా వైపు నిల్వ నీరు అంటే కాలవలో ఆగిన మురుగు అనుకుంటారు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మంచినీళ్లలో. కుళాయి రోజూ రాని ఇంట్లో గోలెం నిండా పట్టి ఉంచుకున్న నీళ్లే దానికి ఇల్లు. "నీళ్లు నిల్వ చెయ్యొద్దు" అంటే ఆ ఇల్లాలికి "తాగడానికి నీళ్లు పట్టుకోవద్దు" అని వినిపిస్తుంది. అందుకే వస్తువు పేరు పెట్టి అడగండి: గోలెం, డ్రమ్ము, కూలర్ ట్రే, ఫ్రిజ్ వెనకాల ట్రే, పూలకుండీ కింద పళ్లెం, పాత టైరు, కొబ్బరిచిప్ప.

#4 · ఎంవీపీ_ఎడిటర్

నర్సమ్మ గారూ, సినిమాలో ముక్కలు ఇవి:

1. దోమ పెరిగేది ఇంట్లో ఉన్న మంచినీళ్లలో.
2. పగటిపూట కుడుతుంది.
3. వారానికోసారి నీళ్లు పారబోసి, పాత్ర లోపల గోడలు తోమాలి.
4. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల రక్తం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి.

మొదటి నిమిషంలో మురుగు కాలవ షాట్ ఒకటి ఉంది, వాతావరణం కోసం పెట్టాం. మీరు రాసింది చదివాక అదే భయమేస్తోంది.

#5 · పీఎస్‌ఎం_పీజీ

ఆ భయం సరైనదే. దాన్ని ప్రశ్నగా మార్చెయ్యండి. "డెంగీ దోమ ఎక్కువగా ఎక్కడ పుడుతుంది? ఒకటే గుర్తు పెట్టండి: మురుగు కాలవ / మూతలేని మంచినీళ్ల గోలెం / చెత్తకుప్ప / తెలియదు". సినిమా తర్వాత "మురుగు కాలవ" అన్నవాళ్లు పెరిగితే ఆ షాట్ తీసెయ్యాల్సిందే. ఆరోగ్యం మీద తీసే సినిమా మంచికి తీసినా తప్పు నేర్పగలదు. సర్వే ముందుగా పట్టుకోవాల్సింది దాన్నే.

మిగతా మూడు ముక్కలకీ ఇలా అడగొచ్చు.

పగటిపూట గురించి: "డెంగీ దోమ నుంచి కాపాడుకోవడానికి దోమతెర ఎప్పుడు వాడాలి? రాత్రి మాత్రమే / పగలు పడుకున్నప్పుడు కూడా / తెలియదు". మధ్యాహ్నం నిద్రపోయే పసిపిల్లల తల్లులకి ఈ ప్రశ్న నేరుగా తగులుతుంది.

తోమడం గురించి: "గోలెంలో నీళ్లు పారబోస్తే చాలు, తోమక్కర్లేదు. అవును / కాదు / తెలియదు". జవాబు కాదు. ఈ దోమ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన, గోడకి అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి దోమ అవడానికి మన వాతావరణంలో వారం పది రోజులు చాలు, అందుకే వారానికోసారి తోమమంటాం. సినిమాలో ఈ కారణం లేకపోతే పెట్టండి. కారణం తెలిసినవాడే పీచు పట్టుకుంటాడు.

జ్వరం గురించి: "జ్వరం దిగిపోతే డెంగీ ప్రమాదం పోయినట్టే. అవును / కాదు / తెలియదు". జవాబు కాదు. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగే సమయంలోనే అసలు ప్రమాదం మొదలవుతుంది. మీ సినిమాలో అన్నిటికన్నా ప్రాణం నిలబెట్టే ముక్క ఇదే. మిగతావన్నీ సగం మందికి తెలిసే ఉంటాయి. దీనికి ఒక ప్రశ్న ఎక్కువే ఇవ్వండి.

అన్ని ప్రశ్నలకీ సరైన జవాబు "అవును" రాకుండా చూడండి. ఏది అడిగినా తలూపే అలవాటు మనందరికీ ఉంది. "తెలియదు" గడి తప్పనిసరి, లేకపోతే ఊహించి కొట్టినవి తెలిసినవాటిలో కలిసిపోతాయి.

"దోమ వల్ల వస్తుందా" లాంటివి వద్దు. సినిమాకి ముందే పదిలో తొమ్మిది మంది సరిగ్గా చెప్పే ప్రశ్నలో పెరగడానికి చోటు ఉండదు.

#6 · లెక్కల_మాష్టారు

ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అడగాలి, అదే మనిషి జవాబుల్ని జత కలపాలి. పేరు, ఫోన్ నంబరు అక్కర్లేదు. పద్ధతి ఇది.

ఏ4 కాగితాన్ని అడ్డంగా తిప్పి మధ్యలో చుక్కల గీత కొట్టండి. ఎడమ సగం "ముందు", కుడి సగం "తర్వాత". రెండు సగాల మీదా ఒకే నంబరు. లోపలికి వచ్చేటప్పుడు ఇవ్వండి. సినిమాకి ముందు ఎడమ సగం నింపగానే చింపి వెనక్కి తీసుకోండి. ఇది మర్చిపోతే తర్వాతి సగం నింపేటప్పుడు ముందు జవాబు చూసి దిద్దుకుంటారు. కుడి సగం, పెన్సిలు వాళ్ల దగ్గరే ఉంటాయి. పెన్సిళ్లు పొట్టివి, ఒక డజను ఎక్కువే తీసుకెళ్లండి.

నంబర్లు వరసల్ని బట్టి పంచండి: ముందు వరసలకి 1 నుంచి 30, మధ్యలో 31 నుంచి 60, వెనకాల 61 పైన. ఎవరెక్కడ కూర్చున్నారో అడగకుండానే తెలుస్తుంది.

లెక్క కష్టమేం కాదు. మాటవరసకి 70 జతలు వచ్చాయనుకోండి. జ్వరం ప్రశ్నకి ముందు 31 మంది సరిగ్గా రాశారు, తర్వాత 49 మంది. 18 మంది పెరిగారు అని ఆగిపోవద్దు. తప్పు నుంచి ఒప్పుకి మారినవాళ్లు 23, ఒప్పు నుంచి తప్పుకి జారినవాళ్లు 5 అనుకుందాం. 23లోంచి 5 తీసెయ్యండి, 18. దాని వర్గం 324. దాన్ని 28తో భాగిస్తే 11.57. ఇది 3.84 దాటితే, కేవలం యాదృచ్ఛికంగా వచ్చిన మార్పు కాదని చెప్పొచ్చు. మెక్‌నెమార్ పరీక్ష అంటే ఇదే. మారినవాళ్లందరూ కలిపి 25 కన్నా తక్కువైతే ఈ సూత్రం వాడకండి, బైనోమియల్ పద్ధతిలో చెయ్యండి. ఉచిత కాలిక్యులేటర్లు చాలా ఉన్నాయి.

ఆ జారిన 5 కాగితాలూ విడిగా తీసి చూడండి. ఎక్కడ కూర్చున్నారు? వెనక వరసలైతే సౌండ్ సమస్య. అన్ని చోట్లా ఉంటే డైలాగే గందరగోళంగా ఉంది.

మూడు ప్రదర్శనలూ కలిపి 220 మంది అయినా "విశాఖ ప్రజల్లో ఇంత శాతం" అని రాయకండి. వచ్చినవాళ్లు లాటరీ తీసి ఎంచినవాళ్లు కాదు. "చూసిన 84 మందిలో కాగితం ఇచ్చింది 61, ఆ 61లో 40" అని సంఖ్యతోనే రాయండి. కాగితం ఇవ్వకుండా వెళ్లిపోయినవాళ్లే బహుశా విసుగెత్తినవాళ్లు. వాళ్ల లెక్క దాచితే ఫలితం తప్పుతుంది.

#7 · సౌండ్_సింహాచలం

సినిమాగా ఎలా ఉందో అస్సలు అడగొద్దన్నట్టు మాట్లాడుతున్నారు. నాకు అది ఒప్పుదల కాదు. విసుగెత్తించిన సినిమాలో ముక్క ఎంత మంచిదైనా చెవికెక్కదు. కాకపోతే అడిగే తీరు వేరే ఉంది.

విసుగు గురించి కాగితం మీద అడగకండి, కళ్లతో చూడండి. 9 నిమిషాలంటే 30 సెకన్ల చొప్పున 18 ముక్కలు. ఇద్దరు పరిశీలకులు ఒక పక్కగా కూర్చుని, ఒక్కొక్కరు 20 మందిని ఎంచుకుని, ప్రతి 30 సెకన్లకి ఎంతమంది తెర మీద కాకుండా ఫోన్ మీదో పక్కవాళ్ల మీదో చూపు పెట్టారో అంకె వెయ్యాలి. ఫోన్ వైబ్రేషన్ మోడ్‌లో టైమర్ పెట్టుకుంటే చాలు. తర్వాత ఆ అంకెల్ని ఎడిట్ టైమ్‌లైన్ పక్కన పెట్టండి. ఇద్దరి అంకెలూ ఒకేచోట లేచాయంటే కోత పడాల్సింది అక్కడే.

కాగితం మీద రెండే ప్రశ్నలు. "సినిమాలో మాటలు వినపడ్డాయా? అన్నీ / కొన్ని పోయాయి / చాలా పోయాయి". రెండోది ఖాళీ గీత: "ఇంటికెళ్లి ఎవరికైనా ఈ సినిమా గురించి చెప్తే, ఏ ఒక్క దృశ్యం చెప్తారు?" ఈ గీత మీద వచ్చే మాటలు మీ నాలుగు ముక్కల్లో ఏ ఒక్కదానితోనూ సంబంధం లేని కామెడీ సీను చుట్టూ తిరుగుతుంటే, సినిమా నచ్చింది కానీ పని చెయ్యలేదని అర్థం.

జాలారిపేటలో సముద్రం హోరు, స్పీకర్ల గరగర రెండూ ఉంటాయి. ఆ ప్రదర్శనకి వేరే మిక్స్ తీసుకెళ్లండి, మాటల కింద సంగీతం బాగా తగ్గించి. హాల్లో ఫ్యాన్లు తిరుగుతుండగానే పరీక్షించండి.

#8 · సీతమ్మధార_సర్వే

సింహాచలం గారి దృశ్యం ప్రశ్న నేను తీసుకుంటాను, కుడి గడి నిండుతోంది కదా. అయితే దాన్ని మొట్టమొదట పెట్టండి. జ్వరం, గోలెం ప్రశ్నలు చదివాక అడిగితే ఆ పదాలే తిరిగి రాస్తారు.

ముందు అడగడంలో ఒక చిక్కుంది. "జ్వరం దిగాక ప్రమాదమా" అని ముందే అడిగితే, సినిమాలో ఆ సీను రాగానే చెవులు రిక్కిస్తారు. సగం మార్పు ప్రశ్న వల్లే వచ్చిందేమో ఎలా చెప్తారు? కాలేజీ ప్రదర్శనలో సరి నంబర్ల వాళ్లకి ముందు సగం ఇవ్వకండి, తర్వాత సగం మాత్రమే నింపించండి. రెండు గుంపుల "తర్వాత" జవాబులు దగ్గరగా ఉంటే నిశ్చింత.

#9 · జాలారిపేట_వాలంటీర్

మా పేటలో కాగితం, క్యూఆర్ కోడ్ రెండూ నడవవు. చదవలేని పెద్దవాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లే ఇంట్లో నీళ్లు పట్టేవాళ్లు. ఏటి చెయ్యాలంటే:

ప్రతి ప్రశ్నకీ మూడు డబ్బాలు, వాటి మీద బొమ్మలు: కాలవ, గోలెం, చెత్త. ఒక్కొక్కరికీ ఒక చింతపిక్క. డబ్బాలు అడ్డుతెర వెనకాల ఉండాలి, ఒకరి తర్వాత ఒకరు వెళ్లి వెయ్యాలి. చేతులెత్తించకండి. ముందు వరసలో పెద్దాయన ఎత్తితే వెనకాల అందరూ ఎత్తుతారు. ఈ పద్ధతిలో రెండు ప్రశ్నలకి మించి కుదరదు: ఎక్కడ పుడుతుంది, జ్వరం దిగాక ఏం చెయ్యాలి. మాష్టారు గారి జతల లెక్క ఇక్కడ చెల్లదు, మొత్తాలే పోల్చుకోవాలి.

తేదీ బాగానే పెట్టుకున్నారు. తూర్పు తీరంలో చేపలవేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మగవాళ్లు కూడా ఒడ్డునే ఉంటారు. 14 దాటితే వేకువకే పడవలు వెళ్తాయి, సాయంత్రం జనం దొరకరు. తెర మీద బొమ్మ కనపడాలంటే ఏడు దాటాలి. కాబట్టి ముందు పిక్కలు ఆరున్నరకి, వెలుతురుండగానే.

జాబితాలో ఐస్ పెట్టెలు, పడవ మీద పాత టైర్లు, తీసి పెట్టిన టార్పాలిన్ మడతలు కలపండి. మా దగ్గర నీళ్లు ఆగేది అక్కడే. సినిమాలో అవి లేకపోతే "ఇది కాలనీ వాళ్ల సంగతి" అనుకుంటారు.

#10 · పీఎస్‌ఎం_పీజీ

అనుమతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫలితాలు ఎక్కడైనా ప్రచురించాలనుకుంటే కాలేజీ నైతిక సమితి అనుమతి ముందే తీసుకోవాలి, తర్వాత అడిగితే ఇవ్వరు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు చదవండి. 18 ఏళ్ల లోపు వాళ్లయితే తల్లిదండ్రుల సమ్మతి, పిల్లల ఒప్పుదల రెండూ కావాలి. వీధి ప్రదర్శనలో అది కుదరని పని, కాబట్టి పిల్లలు సినిమా చూడనివ్వండి, జవాబులు పెద్దవాళ్ల దగ్గరే తీసుకోండి.

కాగితం పైన రెండు వాక్యాలు: "ఇది నింపడం మీ ఇష్టం. పేరు రాయొద్దు." "మీ ఇంట్లో ఎవరికైనా డెంగీ వచ్చిందా" అని అడగకండి. పక్కవాళ్లు చూస్తుండగా అది చెప్పడం ఇబ్బంది, పైగా ఆ జవాబుతో మీరు మార్చేది ఏమీ లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, తప్పు వాక్యాలు చదివించి ఇంటికి పంపకండి. "జ్వరం దిగితే ప్రమాదం పోయినట్టే" అన్న వాక్యమే కొందరికి గుర్తుండిపోతుంది. కాగితాలు తీసుకున్నాక ప్రతి ఒక్కరికీ అరచేయంత చీటీ ఇవ్వండి, సరైన జవాబులతో. అందులో: జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. అత్యవసరానికి 108. చీటీ తర్వాతే ఇవ్వాలి, ముందిస్తే అందులోంచి చూసి రాస్తారు.

#11 · ఫామ్_మాస్టర్

కాలేజీ ప్రదర్శనకి గూగుల్ ఫామ్ సరిపోతుంది. జాగ్రత్తలు కొన్ని. "ఒక్కరికి ఒక్క జవాబే" పెడితే లాగిన్ అడుగుతుంది, సగం మంది అక్కడే ఆగిపోతారు, పేరు తెలిసిపోతుందేమో అన్న అనుమానం కూడా వస్తుంది. అది ఆఫ్ చేసి, మొదటి గడిలో కాగితం మీది నంబరు అడగండి. ఎన్ని గుర్తులైనా పెట్టే ప్రశ్నలో జవాబులన్నీ కామాలతో ఒకే గడిలో వచ్చి పడతాయి. ఆప్షన్‌లోనే కామా ఉంటే విడదీయడం నరకం, కామా లేకుండా రాయండి.

ఆరిలోవలో నెట్ నమ్మకం లేకపోతే కోబో టూల్‌బాక్స్ అనే సర్వే యాప్ వాడండి. ఆఫ్‌లైన్‌లో నింపుకుని తర్వాత పంపొచ్చు, తెలుగు ప్రశ్నలు చక్కగా కనిపిస్తాయి.

డేటా దింపాక సీఎస్‌వీ ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరవకండి, ఎక్సెల్‌లో తెలుగు పిచ్చి గుర్తులుగా మారుతుంది. డేటా మెనూలోంచి దిగుమతి చేసి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఎంచండి. కాగితాలు ఎక్కించేటప్పుడు "తెలియదు"కి 8, ఖాళీకి 9 వెయ్యండి, రెండూ కలపొద్దు. పదింటికొకటి వేరే వాళ్ల చేత మళ్లీ ఎక్కించి సరిచూడండి.

ముద్రణకి అక్షరం 14 పాయింట్లకి తగ్గకూడదు. ఒత్తులు విరిగిపోయాయేమో పీడీఎఫ్‌లో కాదు, ఒక కాపీ ప్రింట్ తీసి చూడండి.

#12 · ఆరిలోవ_నర్సు

హాల్లో రాసింది తెలివి. ఇంట్లో గోలెం మీద మూత ఉందా అన్నది పని. రెండు వారాల తర్వాత వెళ్లి చూడండి. ఆరిలోవలో సినిమా వేసిన వీధిలో 30 ఇళ్లు, వెయ్యని అలాంటి వీధిలో 30 ఇళ్లు. ఇంటివాళ్లు రమ్మంటేనే లోపలికి. మూడే చూడాలి: నీళ్లున్న పాత్రలు ఎన్ని, మూత ఉన్నవి ఎన్ని, టార్చి వేస్తే పురుగులు కదిలినవి ఎన్ని.

వెళ్లేది బుధవారం గానీ గురువారం గానీ. శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల పాత్రలు ఖాళీ చేయించే రోజు అని వార్డు సిబ్బంది తిరుగుతారు, ఆ రోజూ మర్నాడూ అందరి గోలేలూ ఖాళీగానే ఉంటాయి, సినిమా పనిచేసిందో సిబ్బంది పనిచేశారో తేలదు. పురుగులు కనిపిస్తే తిట్టకండి, వాళ్ల ముందే పారబోసి తోమి చూపించి రండి.

#13 · ఎంవీపీ_ఎడిటర్

అందరికీ ధన్యవాదాలు. 22 ప్రశ్నలు 8 అయ్యాయి. కుడి సగం వరస ఇది:

1. ఇంటికెళ్లి ఏ ఒక్క దృశ్యం చెప్తారు? (గీత)
2. మాటలు వినపడ్డాయా?
3. డెంగీ దోమ ఎక్కువగా ఎక్కడ పుడుతుంది?
4. దోమతెర ఎప్పుడు వాడాలి?
5. పారబోస్తే చాలు, తోమక్కర్లేదు: అవును / కాదు / తెలియదు
6. జ్వరం దిగిపోతే ప్రమాదం పోయినట్టే: అవును / కాదు / తెలియదు
7. జ్వరం దిగిన రోగికి కిందివాటిలో ఏవి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి? (తీవ్రమైన కడుపునొప్పి / ఆగని వాంతులు / చిగుళ్ల రక్తం / ఆకలి పెరగడం / తెలియదు)
8. మీ ఇంట్లో ఈ వారం తోమాల్సిన పాత్ర ఏది? పేరు రాయండి.

ఎడమ సగంలో 3 నుంచి 7 దాకా మాత్రమే. కాలవ షాట్ ఇప్పుడే తీసేశాం, దాని బదులు ఐస్ పెట్టె షాట్ తీస్తాం.

#14 · సీతమ్మధార_సర్వే

షాట్ ఇప్పుడే తీసెయ్యకు తమ్ముడూ. ముందు కాలవ షాట్ ఉన్న వెర్షన్ ఒక పది మందికి, లేని వెర్షన్ ఇంకో పది మందికి చూపించి, మూడో ప్రశ్న నోటితో అడుగు. సినిమాతో సంబంధం లేనివాళ్లు అడగాలి, జవాబుకి తలూపకూడదు. అదే కూర్చోబెట్టినప్పుడు ఎనిమిది ప్రశ్నల్నీ "మీకేం అర్థమైంది, మీ మాటల్లో చెప్పండి" అని ఐదుగురి చేత చెప్పించు. ఇద్దరు తడబడిన ప్రశ్నని తిరగరాయి.

8వ ప్రశ్న చాలా బాగుంది. "చూసుకుంటారా" అన్నదాని బదులు ఇదే కావాల్సింది.

#15 · లెక్కల_మాష్టారు

7వ దాంట్లో ఒక సవరణ. మూడు సరైనవి గుర్తు పెట్టి నాలుగోది వదిలేస్తేనే ఒప్పు అని ముందే రాసి పెట్టుకోండి. జవాబులు చూశాక "రెండు పెట్టినా పర్లేదు" అనుకుంటే మీకు కావలసిన ఫలితమే వస్తుంది. ఆ నియమం ఉన్న కాగితం మీద తేదీ వేసి ఆరుగురూ సంతకం చెయ్యండి, మొదటి ప్రదర్శనకి ముందే.